యాప్ మార్కుల సంగతి వదిలేయండి, ఆ అట్టపెట్టె జాగ్రత్త

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నా వయసు 27. 2023 అక్టోబరులో ‘నూరు శాతం నేచురల్’ అని రాసి ఉన్న ఫేస్ ఆయిల్ ఆన్‌లైన్‌లో 649 రూపాయలకు కొన్నాను. కొనేముందు, పదార్థాల భద్రతకు మార్కులిచ్చే ఒక ఫ్రీ యాప్‌లో చూస్తే అన్నిటికీ పచ్చ రంగే వచ్చింది. కంపెనీ కూడా తన పేజీలో అవే మార్కులు పెట్టుకుంది. నవంబరు 26 ఆదివారం పొద్దున అది రాసుకుని భీమిలి దగ్గర జీడితోటలో కార్తీక వనభోజనాలకు వెళ్లాను. 28న ముఖం, మెడ ఎర్రబడి పొక్కులు లేచాయి. 29న డాక్టరుకు చూపించుకున్నాను. తరువాత నల్లమచ్చలు పడి ఏడాది దాకా పోలేదు. డిసెంబరులో జరగాల్సిన నిశ్చితార్థం వాయిదా పడి, చివరికి సంబంధమే తప్పిపోయింది. కంపెనీ వాట్సాప్‌లో ‘మా క్వాలిటీ టీమ్ చూస్తోంది మేడమ్’ అంటూనే ఉంది. సీసా పారేశాను. అట్టపెట్టె మాత్రం హెయిర్ పిన్నులు వేసుకోవడానికి ఉంచుకున్నాను. కొత్త సీసా కొని అదే అని చూపిద్దామని అన్నయ్య అంటున్నాడు. తప్పుడు మార్కులిచ్చిన యాప్ మీద 25 లక్షలకు కేసు వేయవచ్చా?

జవాబు: ముందు క్యాలెండరు చూడండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం, ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీకు పొక్కులు లేచింది 2023 నవంబరు 28న. నేనిది రాస్తున్నది 2025 సెప్టెంబరు రెండో వారంలో. అంటే చేతిలో ఉన్నది రెండున్నర నెలలు. సంబంధం తప్పిపోవడం గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. ఈ తేదీలు వెతుక్కోవడానికి ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

కంపెనీ ‘చూస్తున్నాం’ అన్నంత మాత్రాన గడువు ఆగదు. మీరు పంపిన మెసేజ్‌లు, వాళ్లిచ్చిన జవాబులు, రేపు మీరు పంపబోయే లీగల్ నోటీసు, వీటిలో ఏదీ ఆ రెండేళ్లను పొడిగించదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, ‘వాళ్లు ఆగమన్నారు, ఆగాను’ అన్నది నమ్ముకోదగిన కారణం కాదు. చదువుకున్నవారు, ఏడాదిన్నరకు పైగా కస్టమర్ కేర్ మాటలు పట్టుకుని ఎలా కూర్చున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక యాప్. దాన్ని కేసులోకి లాగకండి. మీరు దానికి పైసా కట్టలేదు. డబ్బు చెల్లించి, లేదా చెల్లిస్తామని మాటిచ్చి సేవ పొందినవారే ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు. పైగా ఆ మార్కులు మీరనుకున్న ప్రశ్నకు జవాబు కానే కావు. మీది ఏ యాపో రాయలేదు. ఈ తరహా వాటిలో బాగా పేరున్నది అమెరికాలో 2004లో మొదలైన స్కిన్ డీప్. అందులో 1 నుంచి 10 దాకా స్కోరు ఉంటుంది, ఆ పదార్థం మీద ఎంత సమాచారం దొరికిందో పక్కన వేరే చెబుతారు. జనం స్కోరు చూస్తారు, పక్కనున్నది చదవరు. ఒక పదార్థం మీద పరిశోధన తక్కువగా జరిగితే చెడు బయటపడే అవకాశమూ తక్కువే, మార్కు పచ్చగానే ఉండిపోవచ్చు. మీ సీసాలో అది ఎంత శాతం ఉందో, రాసుకుని ఎండలోకి వెళ్తే ఏమవుతుందో ఆ అంకె చెప్పదు. కమిషన్ ముందు ఆ స్క్రీన్‌షాట్ పెడితే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ మార్కులు పనికొస్తాయి. కంపెనీ వాటిని తన పేజీలో పెట్టుకుని సరుకు అమ్మిందంటే, అది యాప్ మాట కాదు, కంపెనీ ఇచ్చిన మాట. ఇచ్చిన మాటకు సరుకు తూగకపోతే తయారీదారుదే బాధ్యత అని సెక్షన్ 84 చెబుతోంది. మాకు దురుద్దేశం లేదు, నిర్లక్ష్యం లేదు అంటే సరిపోదు. అయితే మీరు కొన్న రోజున కూడా ఆ పేజీలో ఆ మార్కులు ఉన్నాయని చూపించాలి.

కేసును తేల్చేది మాత్రం హెయిర్ పిన్నుల పెట్టె. మీరు పంపిన ఫొటోలో ఒక పక్క ‘రోజూ ఉదయం స్నానం తరువాత ముఖానికి, మెడకు రాసుకోండి’ అని ఉంది. కింద పదార్థాల్లో మూడోది సిట్రస్ ఆరాంటియం బెర్గామియా, అంటే బెర్గామోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె. ఆ తొక్కను పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు పొక్కులు లేచి, తరువాత నల్లమచ్చలు పడతాయి. మన ఆయుర్వేదంలో బొల్లికి బావంచాలు రాసి ఎండలో కూర్చోబెడతారు కదా, అందులో పనిచేసేదీ ఈ జాతి రసాయనమే. బెర్గామోట్ కలిసిన సెంట్ల వల్ల మెడ మీద కారిన చారల్లా వచ్చే మచ్చలకు చర్మవైద్యంలో బెర్లోక్ డెర్మటైటిస్ అని పేరే ఉంది. సుగంధద్రవ్యాల పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న ఇఫ్రా ప్రమాణాల్లో, ఎండ తగిలే చర్మం మీద ఉంచేసే సరుకులో ఈ పిండిన నూనె 0.4 శాతం మించకూడదని ఉంది. అది మన దేశంలో చట్టం కాదు. కానీ ఈ సంగతి మాకు తెలియదని తయారీదారు అనకుండా చేయడానికి పనికొస్తుంది.

ఇలాంటి నూనెను పొద్దున్నే రాసుకోమని చెప్పి, ఎండ గురించి ఒక్క ముక్క రాయలేదు. తగిన సూచన, హెచ్చరిక ఇవ్వకపోవడం సెక్షన్ 84లో విడిగా ఒక కారణం. మీ కేసు ఇంతే. బెర్గాప్టెన్ తీసేసిన నూనె కూడా బజారులో దొరుకుతుంది. మేం వాడింది అదేనని వాళ్లు అనవచ్చు. అందుకే పెట్టె మీది బ్యాచ్ నంబరు ముఖ్యం. ఆ బ్యాచ్ తయారీ రికార్డులు, ముడిసరుకు కొన్న కాగితాలు హాజరుపరచమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ అధికారం సెక్షన్ 38 కింద ఉంది.

మీరు మధ్యలో అలవోకగా రాసిన ఇంకో వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. వనభోజనాలకు ముందు రోజు శనివారం రాత్రి అమ్మగారు శనగపిండిలో నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించారన్నారు. నిమ్మరసం కూడా ఎండతో ఇదే పని చేయగలదు. దీన్ని దాచారా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడి మొత్తం కేసు పోతుంది. ఫిర్యాదులో మీరే రాయండి. పిండి ముఖానికే పట్టించి కడిగేశారు, పొక్కులు మెడ కిందికి నూనె కారిన చారల్లోనూ వచ్చాయి అని మీ ఫొటోలు చూపిస్తే, ఆ తేడా మీకే అనుకూలం.

ఇప్పుడు అన్నయ్య సలహా. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. కొత్త సీసా మీద 2025లో తయారైన తేదీ ఉంటుంది, పెట్టె మీద 2023 బ్యాచ్ ఉంటుంది. ఇది పట్టుకోవడానికి వకీలు అక్కరలేదు, బెంచ్ క్లర్కు చాలు. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణ కిందే లెక్క. అందులో తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. కంపెనీ కాదు, మీరు ముద్దాయి అవుతారు. కొత్త సీసా కొనండి, తప్పులేదు. కానీ ‘ఇది ఇప్పుడు కొన్నది, లేబుల్ పోల్చి చూడటానికి’ అని బిల్లుతో సహా చెప్పి పెట్టండి. దాన్ని ప్రభుత్వ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు కూడా డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 కింద ఫీజు కట్టిన కొనుగోలుదారుకు ఉంది.

25 లక్షల సంగతి. తప్పిపోయిన సంబంధానికి వెల కట్టమని అడిగితే, అసలు గాయం పక్కకు పోయి వాదన పెళ్లివారి చుట్టూ తిరుగుతుంది. సరుకు ధర, బిల్లులున్న వైద్య ఖర్చు, పోయిన జీతం, శరీర బాధకు, దానితో వచ్చిన మనోవేదనకు పరిహారం అడగండి. నిశ్చితార్థం వాయిదాకు ఒక్క పేరా చాలు.

కంపెనీ వేరే రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఫీజు మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, సరుకుకు చెల్లించిన ధరను బట్టి. 5 లక్షల లోపు ధరకు ఫీజు లేదు, మీది 649. వినియోగదారుల కేసుల కోసమున్న ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేసుకోవచ్చు. పెట్టె మీద తయారీదారు ఒకరు, మార్కెటింగ్ చేసేవారు వేరొకరు ఉంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

ఈ వారంలోనే పిన్నులు వేరే డబ్బాలోకి మార్చి, పెట్టెను ఆరు వైపులా ఫొటో తీసి కవరులో పెట్టండి. ఆర్డర్ హిస్టరీలోంచి ఇన్‌వాయిస్ దింపుకోండి. నవంబరు 28, 29 ఫొటోలు వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయినవి కాకుండా, ఫోన్‌లోని అసలు ఫైళ్లే కావాలి. అవి తీసిన ఫోన్ అమ్మేయకండి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో జతచేయాల్సిన ధ్రువపత్రం) దాని మీదే తయారవుతుంది. 29న చూసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, అప్పటి కేస్‌షీట్ నకలు, దాని ఆధారంగా ఈనాటి తేదీతో అభిప్రాయం రాయించుకోండి. పాత తేదీ వేయమని అడగకండి. ఇవన్నీ పట్టుకుని అక్టోబరు 15 లోపు ఏదైనా వకీలును కలవండి. నవంబరు చివరి వారంలో వస్తే నేనైతే తీసుకోను.