జూనిపర్ బోన్సాయ్ ఎండిపోతోంది: సమాధానం

మీ జూనిపర్ బోన్సాయ్‌ని (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) ఏసీ హాల్లో పెట్టి రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు గోధుమరంగులోకి మారుతున్నాయని రాశారు కదండీ. ముందు దాన్ని బాల్కనీలోకి మార్చండి. జూనిపర్ ఇంటి లోపల బతికే మొక్క కాదు, అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు! పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు మంచిది.

బెరడును గోటితో కాస్త గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆశ ఉన్నట్టే. ఆకుల పచ్చదనాన్ని మాత్రం నమ్మకండి, వేర్లు చచ్చాక కూడా కొన్ని వారాలు అలాగే కనిపిస్తాయి.

అసలు అనుమానం నీళ్ల మీదే. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, పైగా ఎండ తగలని గదిలో మట్టి త్వరగా ఆరదు. వెదురు పుల్ల అంగుళం లోతు గుచ్చి తీయండి. తడిగా వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. పోసినప్పుడు కింది రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. మట్టి పైన గులకరాళ్లు జిగురుతో అంటించి ఉంటే, నీళ్లు దిగేలా పీకేయండి.

తెల్ల కాగితం మీద కొమ్మను తట్టితే చుక్కలు కదిలాయా? అది ఎర్రనల్లి, ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి.

ఎరువు, కత్తిరింపు, కుండీ మార్పు కొత్త చిగుర్లు వచ్చాకే.

జూనిపర్‌కు చలికాలపు విశ్రాంతి కావాలి, మన తీరంలో అంత చలి ఉండదు. అందుకే నేర్చుకోవడానికి పక్కనే మన వాతావరణానికి సరిపోయే జువ్వి (మర్రి జాతి చెట్టు) కూడా ఒకటి పెంచండి.