తాలుకాయ ఎక్కడ మొదలవుతుంది?

"వస్తువులను మనసు రకాలుగా ఎలా విడదీస్తుంది? నిర్వచనం నేర్పితే చాలదా?" అని అడిగారు.

చాలదు. గుంటూరు మిర్చి యార్డులో కొత్తగా పనికి కుదిరిన కుర్రాడికి "తేజ రకం మిర్చి సన్నగా ఉంటుంది, ఘాటెక్కువ, బాడిగ రకానికి ముడతలు, రంగెక్కువ, ఘాటు తక్కువ" అని చెప్పండి, గడగడా అప్పజెబుతాడు. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, దోసెడు కాయలు తీసి ముందు పోస్తే తడబడతాడు. సన్నం అంటే ఎంత సన్నం? అది కాయల్ని చూస్తేనే తెలుస్తుంది.

1970లలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ రాష్ పరిశోధనలు తేల్చిందీ ఇదే. పక్షులన్నీ మన మనసుకు ఒకే తీరు పక్షులు కావు. పిచ్చుకలాంటివి నడిబొడ్డున ఉంటాయి, నిప్పుకోడి పొలిమేరలో ఉంటుంది. తాలుకాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ, సంగతీ అంతే. గోరంత తెల్లమచ్చ ఉంటే మంచి సరుకే, కాయంతా తెల్లబడితే తాలు. పేచీ అంతా సగం పాలిపోయిన కాయ దగ్గరే.

అందుకని నేర్పేటప్పుడు పొలిమేర కాయలే ఎక్కువ పెట్టాలి. 334 అనే ఇంకో మిర్చి రకంలో పొట్టి కాయ పక్కన పొడుగు తేజ, ముడత తక్కువ ఉన్న బాడిగ పక్కన కాస్త ముడతపడ్డ 334. రకానికి ఇరవై కాయలు తీసి కలిపేయండి. కుర్రాడు ముందు పేరు చెప్పాలి, తప్పయితే ఆ క్షణమే దిద్దాలి. రకం తర్వాత రకంగా చూపిస్తే తేలిగ్గా వచ్చినట్టుంటుంది, నిలవదు. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్నెల్, బ్యోర్క్ పన్నెండు మంది చిత్రకారుల బొమ్మలతో ఇది పరీక్షించారు. కలగలిపి చూసినప్పుడే జనం కొత్త బొమ్మ ఎవరిదో బాగా పట్టారు. అయినా వరసగా చూడటమే మేలని ఎక్కువమంది నమ్మారు!

ఇంకో పొరపాటు, కాయలన్నీ ఒకే రైతు లాటులోంచి తీయడం. అప్పుడు ఆ లాటు రంగునే కుర్రాడు రకానికి గుర్తనుకుంటాడు. కనీసం నాలుగైదు లాట్లు కలపండి, పగటి వెలుతురులోనే చూపించండి. పసుపుపచ్చ బల్బు కింద కాయ రంగు తేడా సరిగా తెలియదు.

బడి పుస్తకాల మీద నా కోపం ఇక్కడే. పండ్లు ఒక గడిలో, కూరగాయలు ఇంకో గడిలో రాయమంటారు. మన భాష గీత గీసింది పక్వం దగ్గర. పప్పులో వేస్తే మామిడికాయ, మాగితే మామిడిపండు. చెట్టు ఒకటే. ఇంట్లో ఇంత చక్కగా నేర్చుకొచ్చిన విభజనను చెరిపేసి పిల్లల చేత పట్టిక బట్టీ పట్టిస్తున్నారు. మరి పచ్చడి పెట్టే పండుమిరపకాయను ఏ గడిలో రాయాలి? దాని పేరులో పండూ ఉంది, కాయా ఉంది.