కార్డు కొనే ముందు ఒక్కసారి చూసుకో

అల్లుడూ,

గేమ్ ఆగి ఆగి నడుస్తోందనీ, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. అడగడంలో తప్పు లేదు. కానీ అంత డబ్బు పెట్టే ముందు, వెనక్కి లాగుతున్న పార్టు ఏదో తేల్చుకో.

ఫ్రేములకు, అంటే సెకనుకు తెర మీద పడే బొమ్మలకు, కళ్లెం వేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ సెట్టింగులు ఆపేసి గేమ్ ఆడుతూ, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (కార్డులోని చిప్) ఎంత వాడుతోందో చూడు. 95 శాతం దాటి ఉంటే కార్డు తన శక్తంతా పెడుతున్నట్టే. 60 దగ్గరే ఉండి ఫ్రేములు పడిపోతుంటే మాత్రం అది చాలావరకు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఇంకా అనుమానముంటే రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించు. ఫ్రేములు బాగా పెరిగితే భారం కార్డు మీదే ఉంది. ఉన్నచోటే ఉంటే ప్రాసెసర్‌నో, ర్యామ్‌నో పట్టుకోవాలి. పిక్సెల్స్ తగ్గినంత మాత్రాన ఎవరు ఎటు కదిలారు, బుల్లెట్ ఎక్కడ తగిలింది అని ప్రాసెసర్ వేసే లెక్కలు తగ్గవు కదా. నువ్వాడే వాలరెంట్‌కి ప్రాసెసరే ముఖ్యం. సైబర్‌పంక్ 2077లో వెలుగునీడల్ని నిజంలా చూపే రే ట్రేసింగ్ పెడితే మాత్రం కార్డుకు చెమటలు పడతాయి.

ఫ్రేముల సగటు చూసి మురిసిపోకు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. మధ్యలో ఒక్కటి 50 తీసుకున్నా కుదుపు కంటికి తెలిసిపోతుంది.

పైసా ఖర్చు లేనివి ముందు చూడు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టావా? సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగుల్లో 60 మీదే ఉండిపోయిందా? 3200 స్పీడని కొన్న ర్యామ్, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) దాన్ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే అంతకంటే నెమ్మదిగానే నడుస్తుంటుంది. ఒక్కటే 8 జీబీ ర్యామ్ స్టిక్ ఉంటే అలాంటిదే ఇంకోటి పక్కన పెట్టు, ర్యామ్ డేటా వెళ్లే దారులు (ఛానెళ్లు) రెండూ పనిచేసి కుదుపులు బాగా తగ్గుతాయి. ఎస్‌ఎస్‌డీతో లోడింగ్ త్వరగా అవుతుంది గానీ ఫ్రేములు పెద్దగా పెరగవు.

మొదట బాగా నడిచి అరగంటకు నీరసిస్తే అది వేడి. మన ఎండల్లో, దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో ఏ ప్రాసెసరైనా వేగం తగ్గించుకుంటుంది. కేబినెట్ మూత తీసి బ్రష్‌తో శుభ్రం చెయ్యి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని మరీ.

అన్నీ చూశాక కూడా కార్డే అని తేలితే ఫోన్ చెయ్యి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇద్దరం తిరిగి తీసుకుందాం. ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు సరఫరా చేసే పెట్టె) మీద ఎన్ని వాట్లని ఉందో ఫోటో తీసుకురా. కేబినెట్ లోపల ఎంత పొడవు కార్డు పడుతుందో టేపుతో కొలిచి రాసుకురా.

నీ మామయ్య