గీజరు నీళ్లు తగిలితే షాక్ కొడుతోంది, ఎంసీబీ ఎందుకు పడిపోలేదు?

తిరుపతిలో అద్దె ఇల్లు, గీజరు నీళ్లు తగిలితే చేయి చురుక్కుమంటోంది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) మాత్రం కదల్లేదు అని అడిగారు. ముందు గీజరు స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

ఎంసీబీ కాపాడేది తీగలను, మనిషిని కాదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటు. గీజరుకు సాధారణంగా 16 ఆంపియర్ల ఎంసీబీ వేస్తారు. ఒంట్లోంచి 30 మిల్లీఆంపియర్లు పారినా ప్రాణం మీదికి వస్తుంది. రెండింటికీ తేడా ఐదు వందల రెట్ల పైమాటే. పైగా తడి చర్మం కరెంటుకు తలుపు తీసినట్టే.

మనిషిని కాపాడే పని ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్‌ది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా అని లెక్క చూస్తుంది. 30 మిల్లీఆంపియర్లు తగ్గితే 0.3 సెకను లోపే సరఫరా తెంచేస్తుంది. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అదీ ఏమీ చేయలేదు.

నా అనుమానం ఎర్తింగ్ మీద, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ మీద. ప్లగ్‌లో లావుగా, పొడవుగా ఉండే పిన్ను దానిదే. ముందు తగిలి చివర విడిపోవాలనే ఆ పొడవు. చిత్తూరు వైపు రాతినేలలు వేసవిలో ఎండితే ఆ తీగ దిగే ఎర్త్ గుంత పేరుకే మిగులుతుంది. అందుకే అందులో నీళ్లు పోస్తారు. అపార్ట్‌మెంట్లలో ఆ గుంత ఎక్కడుందో వాచ్‌మన్‌కైనా తెలిస్తే అదృష్టం!

ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ నిరోధం కొలిపించి, గీజరులో నీళ్లు కాచే ఎలిమెంట్ చూపించండి. ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించమని ఇంటి యజమానిని అడగండి. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కినా పడిపోకపోతే మార్చాల్సిందే.