వాచ్ మోడ్‌లో ఫైల్ మార్చి సేవ్ చేసినా పాత కోడే ఎందుకు వస్తుంది?

మీరు మార్చిన ఫైల్‌ను ఫలానా మాడ్యూల్ వాడుకుంటోందన్న సంగతి, విడివిడి కోడ్ ఫైళ్లను కలిపి బ్రౌజర్ కోసం తయారుచేసే బండ్లర్‌కు తెలియకపోవడం వల్ల తరచూ ఇలా జరుగుతుంది. వాచ్ మోడ్‌లో (అంటే ఫైల్ మారగానే దానంతటదే మళ్లీ బిల్డ్ చేసే పద్ధతిలో) బండ్లర్ ప్రతిసారీ అన్నీ మొదటినుంచి బిల్డ్ చేయదు. మారాయని తనకు తెలిసిన మాడ్యూళ్లనే మళ్లీ ప్రాసెస్ చేసి మిగతావి క్యాష్ నుంచి తీసుకుంటుంది, దాని వేగమంతా అక్కడే ఉంది, తిప్పలూ అక్కడే.

ఉదాహరణకు వెబ్‌ప్యాక్‌లో (ఇదొక బండ్లర్) మీరు రాసుకున్న లోడర్, అంటే ఫైళ్లను బండిల్‌లో చేర్చేముందు మార్చే కోడ్, ఒక టెంప్లేట్ ఫైల్‌ను నేరుగా డిస్క్ నుంచి చదువుతోందనుకోండి. దాన్ని ఎవరూ ఇంపోర్ట్ చేయలేదు కాబట్టి అది వెబ్‌ప్యాక్ లెక్కలోకే రాదు, పదిసార్లు సేవ్ చేసినా పాత ఫలితమే. లోడర్‌లో యాడ్‌డిపెండెన్సీ ఫంక్షన్‌కు ఆ ఫైల్ పాత్ ఇస్తే సరిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్ మారిస్తే మాత్రం వాచ్ ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

చాలామంది ఇది బ్రౌజర్ క్యాష్ అనుకుని హార్డ్ రీలోడ్ కొడుతూనే ఉంటారు. ముందు అవుట్‌పుట్ ఫైల్ తెరిచి చూడండి, అందులోనే పాత కోడ్ ఉంటే బ్రౌజర్ తప్పేమీ లేదు. వాచ్ ఆపి, క్యాష్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ మొదలుపెడితే అప్పటికి పని జరుగుతుంది గానీ, ఆ ఫైల్‌ను డిపెండెన్సీగా (ఆధారపడే ఫైల్‌గా) చెప్పనంతవరకు అదే సమస్య మళ్లీ వస్తుంది.