అబ్బాయి ఫైట్ డబ్బుల ధీమాతో ఫ్లాటు లోను తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాను. మా అబ్బాయికి 24 ఏళ్లు, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్. అమెరికాలో ఫైట్లు నిర్వహించే ఒక ప్రమోషన్ కంపెనీ నాలుగు ఫైట్లకు ‘10 ప్లస్ 10’ వేల డాలర్ల కాంట్రాక్టు పంపింది. మొత్తం 80 వేల డాలర్లు, అంటే 68 లక్షల దాకా వస్తాయి, మధురవాడలో ఫ్లాటుకు నా పేరు మీద 20 లక్షల లోను తీసుకోమంటున్నాడు. డౌన్ పేమెంటుకు నా గ్రాట్యుటీ వాడవచ్చా?

జవాబు: వాడకండి. లోను కాగితం మీద ఇప్పుడు సంతకమూ పెట్టకండి. మీ అబ్బాయికి వచ్చింది మంచి అవకాశమే, కానీ అందులో ఉన్నది 68 లక్షలు కాదు.

‘10 ప్లస్ 10’లో మొదటి పది షో మనీ: బరువు తూగి, బరిలోకి దిగినందుకు ఇచ్చేది. రెండో పది గెలిస్తేనే. 80 వేలు రావాలంటే నాలుగూ గెలవాలి. పోనీ షో మనీ 40 వేలైనా ఖాయమా అంటే అదీ కాదు. ఒక్క ఓటమి తర్వాత ఫైటర్‌ని వదులుకునే హక్కు కంపెనీకి ఉండేలా చాలా కాంట్రాక్టులు రాసుకుంటారు. కాబట్టి గట్టిగా లెక్కలో వేసుకోదగ్గది ఒక్క ఫైటు షో మనీ, అంటే 10 వేలు. ఫైటర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ ఏవీ ఉండవు. ఫైటు లేని నెల సున్నా.

ఆ 10 వేలు ఇంటికి చేరేసరికి ఎంత మిగులుతుందో చూద్దాం. అమెరికాలో ఫైటు జరిగితే, విదేశీ ఆటగాడి మొత్తం పర్సు (ఫైటుకు ఇచ్చే సొమ్ము) మీద మామూలుగా 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. 3,000 పోయాయి. మేనేజరుకు 15 శాతం, కోచ్, జిమ్‌కి 10 శాతం అనుకుంటే ఇంకో 2,500. ఈ రెండూ చేతికొచ్చిన దాని మీద కాదు, పూర్తి పర్సు మీద లెక్కిస్తారు. ఎనిమిది వారాల శిక్షణ క్యాంపులో తిండి, ఫిజియో, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు, కళ్ల పరీక్ష, మెదడు స్కాన్, బరి పక్కన ఉండి సాయపడే కార్నర్ మనిషి ఒకరు అదనంగా వస్తే కంపెనీ భరించని టికెట్... అన్నీ కలిపి 1,500 వేయండి. మిగిలింది 3,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 2.55 లక్షలు. అదే ఫైటు గెలిస్తే 7,500 డాలర్లు, సుమారు 6.37 లక్షలు.

బరువు తప్పితే ఇది కూడా ఉండదు. పరిమితి దాటితే పర్సులో 20 శాతమో, 30 శాతమో ఎదుటి ఫైటర్‌కి పోతుంది. 10 వేలలో 20 శాతమంటే 2,000, ఓడిన రోజు మిగిలే మూడు వేలలో చాలా భాగం అదే. తూకం ముందు రెండు రోజులు నీళ్లు మానేసి బరువు దించే అలవాటుంటే, ఒంటికే కాదు డబ్బుకూ ముప్పే.

అమెరికాలోని పెద్ద ఫైట్ కంపెనీ యూఎఫ్‌సీలో ఫైటర్లకు 50 వేల డాలర్ల బోనస్‌లు వచ్చాయని అబ్బాయి చెప్పి ఉంటాడు. ఆ రాత్రి మెరిసిన కొద్దిమందికే అవి. అక్కడ 2021లో వేనమ్ అనే దుస్తుల కంపెనీతో ఒప్పందంతో మొదలైన పద్ధతిలో, ఆ దుస్తులు వేసుకున్నందుకు మొదటి మూడు ఫైట్లకు ఒక్కోదానికి అదనంగా ఇచ్చింది 4,000 డాలర్లే. బోనస్ వస్తే సంతోషం, ఈఎంఐ లెక్కలో మాత్రం దానికి చోటు లేదు.

పన్ను దగ్గరే ఎక్కువ డబ్బు చేజారుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఏడాదిలో రెండు ఫైట్లు, ఒక గెలుపు, ఒక ఓటమి అనుకోండి. పర్సు 30 వేలు. అమెరికాలో పట్టుకున్నది 9,000. మేనేజరు, కోచ్ వాటాలు, క్యాంపు ఖర్చులు కలిపి 10,500 పోను అసలు ఆదాయం 19,500 డాలర్లు, మన లెక్కలో 16.6 లక్షలు. కొత్త పన్ను విధానంలో దీని మీద ఇక్కడ పడేది సుమారు 1.37 లక్షలు. విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ వస్తుంది, చాలాకాలం ఫారం 67 అని పిలిచిన కాగితం దీనికే. కానీ ఆ క్రెడిట్ ఇక్కడి పన్నును మించదు. పట్టుకున్నది 7.65 లక్షలు కదా, మిగతా ఆరు లక్షల పైచిలుకు మన ప్రభుత్వం ఇవ్వదు. అమెరికాలో 1040-ఎన్‌ఆర్ రిటర్ను వేసి, ఖర్చులు చూపించి అడగాలి. అలా లెక్కిస్తే అక్కడ నిజంగా పడే ఫెడరల్ పన్ను సుమారు 2,100 డాలర్లు, మిగిలింది వెనక్కి వస్తుంది. దీనికి అక్కడి పన్ను నంబరు ఉండాలి, ప్రతి ఖర్చుకూ బిల్లుండాలి. ముందే తక్కువ పట్టుకునేలా ఫారం 13930తో దరఖాస్తు చేయవచ్చు, ఫైటుకు కనీసం 45 రోజుల ముందు. ఫైటు ఎక్కడో కూడా అడగండి: లాస్ వేగాస్ ఉన్న నెవాడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉంది.

ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. వచ్చినదాంట్లో సగమే లాభంగా చూపే, ఆదాయపు పన్ను చట్టంలోని పాత 44ఏడీఏ సెక్షన్ పద్ధతి ఆటగాళ్లకు కూడా వర్తిస్తుందని కొందరు చెబుతారు. వర్తించదు. 2008లో ఆటగాళ్లను వృత్తి నిపుణులుగా ప్రకటించింది టీడీఎస్ కోసమే. లెక్కల పుస్తకం రాసి, ఐటీఆర్-3 వేయాలి.

ఇక దెబ్బలు. నాకౌట్ అయితే వైద్యుల సస్పెన్షన్ నెల నుంచి మూడు నెలల దాకా, కొన్ని గాయాలకు 180 రోజులు. ఆ కాలంలో ఫైటూ లేదు, డబ్బూ లేదు. ఇంటి హెల్త్ పాలసీలో ‘ప్రమాదకర క్రీడల్లో వృత్తిగా పాల్గొనడం’ అనే మినహాయింపు చూడండి. ఎక్సల్ 09 అనే కోడ్ కింద ఉంటుంది. అది ఉంటే ఫైట్‌లో విరిగిన చెయ్యికి క్లెయిమ్ రాకపోవచ్చు. టర్మ్ పాలసీ తీసుకుంటే వృత్తి కాలమ్‌లో ఫైటర్ అనే రాయించండి, ప్రీమియం పెరిగినా సరే. దాచిపెడితే మొదటి మూడేళ్లలో క్లెయిమ్ తిరస్కరించే వీలు వాళ్లకు చట్టమే ఇస్తుంది.

సంతకానికి ముందు కంపెనీని నాలుగు మాటలు రాతపూర్వకంగా అడగమనండి. తూకం అయ్యాక ఎదుటివాడు తప్పుకుంటే షో మనీ ఇస్తారా? గాయంతో ఆగిన కాలాన్ని కాంట్రాక్టు గడువుకు కలిపి పొడిగిస్తారా? ఏడాదికి కనీసం ఎన్ని ఫైట్లు ఇస్తారు? ప్రాక్టీసులో తగిలిన దెబ్బకు బీమా ఉందా, బరిలో తగిలినదానికేనా? ఫోన్లో ఇచ్చిన మాట చెల్లదు.

ఇప్పుడు మీ లోను. 20 లక్షలు, 20 ఏళ్లు, 9 శాతం వడ్డీ అంటే నెలకు సుమారు 18 వేలు, ఏడాదికి 2.16 లక్షలు. ఓడిన ఫైటు మిగిల్చేది 2.55 లక్షలే. ఆ ఏడాది గాయపడితే ఈఎంఐ మీ చేతి నుంచే పోవాలి. అసలు లోను మీ పేరు మీదే ఎందుకు తీసుకోమంటున్నాడు? స్వయం ఉపాధి వాళ్లకు సాధారణంగా రెండేళ్ల రిటర్నులు చూస్తారు, అబ్బాయికి అవి లేవు.

గ్రాట్యుటీని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి. 30 లక్షల దాకా పెట్టవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. అబ్బాయి మొదటి పర్సులో మిగిలింది ముందు ఎఫ్‌డీకి పోవాలి, అది ఏడాది ఖర్చులకు సరిపోయేదాకా ఇంకే పెట్టుబడీ వద్దు. రెండు ఆర్థిక సంవత్సరాల రిటర్నులు చేతిలోకి వచ్చాక, బ్యాంకు అతని పేరు మీద ఎంత ఇస్తుందో అడగండి. మధురవాడలో ఫ్లాటు ఆ మొత్తాన్ని బట్టి చూసుకోవచ్చు.