చేప నూనెతో కీళ్ల వాపు తగ్గుతుందా? నా వేళ్లు చెప్పిన సమాధానం

చేప నూనె ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తగ్గిస్తుందా, గుండె, కాలేయం, కిడ్నీలకు మేలు చేస్తుందా అని అడిగారు. నాకు కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వచ్చి ఆరేళ్లయింది కాబట్టి మొదటిదాని గురించి కాస్త ఎక్కువే చెప్పగలను.

పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకునేది కాదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక, గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి కూర్చునేదాన్ని. వేళ్లు వదులవడానికి గంటన్నర పట్టేది. ఎవరో చెప్తే రోజుకొక చేప నూనె క్యాప్సూల్ చొప్పున ఆరు నెలలు మింగాను. పిసరంత తేడా లేదు. డబ్బా మీద 1000 మి.గ్రా. అని పెద్ద అక్షరాల్లో ఉంటే అంతా పనికొచ్చేదే అనుకున్నాను. వెనక్కి తిప్పి చూస్తే ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని సన్నగా రాసుంది. అవి చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులు, వాపు మీద పనిచేసేవి ఆ రెండే. ఈ జబ్బు మీద చేసిన పరీక్షల్లో గుణం కనిపించింది ఆ రెండూ కలిపి రోజుకు దాదాపు 3 గ్రాములు, రెండు మూడు నెలల పాటు వాడినప్పుడు. నేను మింగింది అందులో పదో వంతు!

డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్నాకే గాఢత ఎక్కువున్నవి మొదలుపెట్టాను. వేళ్లు వదులవడానికి ఎంతసేపు పట్టిందో రోజూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పదో వారం దాకా అదే గంటన్నర. తర్వాత గంటంబావు, గంట, నాలుగో నెలాఖరుకి నలభై నిమిషాలు. నొప్పి బిళ్లలు రోజుకు రెండు నుంచి ఒకటికి దిగాయి. ఈ జబ్బుకి అసలు మందైన మెథోట్రెక్సేట్ మాత్రం ఒక్క వారం కూడా మానలేదు. దయచేసి మీరూ అసలు మందు మానొద్దు. కీలు అరిగిపోకుండా ఆపేది అదే.

అన్ని వారాలు ఎందుకంటే, మన కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఉంటుంది. వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను కొన్ని ఎంజైములు దాన్నుంచే తయారుచేస్తాయి. ఈపీఏ మెల్లగా ఆ పొరల్లోకి చేరి, అవే ఎంజైముల కోసం దానితో పోటీపడుతుంది. నొప్పి బిళ్లలా గంటలో పనిచేయాలంటే కుదరదు.

గుండె సంగతి ఇంత తేలిగ్గా తేలదు. 2018లో వెలువడిన వైటల్ అనే పరీక్షలో 25,871 మంది పాల్గొన్నారు. రోజుకు 1 గ్రాము చేప నూనె తీసుకున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అదే ఏడాది రెడ్యూస్-ఇట్ అనే పరీక్షలో, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లకు శుద్ధి చేసిన ఈపీఏ రోజుకు 4 గ్రాములు ఇస్తే ముప్పు 25 శాతం తగ్గింది. 2020లో స్ట్రెంత్ అనే పరీక్షలో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి అంతే మోతాదు ఇస్తే లాభం కనబడలేదు. పెద్ద మోతాదుతో ట్రైగ్లిజరైడ్లు దిగడం మాత్రం నిజం. దాంతోపాటే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు కొంత పెరుగుతుంది. అందుకే సొంత వైద్యం వద్దంటున్నాను.

కాలేయంలో కొవ్వు కొంత తగ్గొచ్చు, గట్టిపడిన కాలేయం మెత్తబడుతుందని ఆశపడొద్దు. కిడ్నీల కోసమైతే నేను కొనను. మధుమేహం ఉన్నవాళ్లకు ఐదేళ్లు 1 గ్రాము ఇచ్చి చూస్తే కిడ్నీల పనితీరులో తేడా రాలేదు.

ఇంకోటి, కాడ్ లివర్ ఆయిల్‌ని చేప నూనె అనుకుని మోతాదు పెంచకండి. అందులో విటమిన్ ఏ ఉంటుంది, అది మితిమీరితే కాలేయానికే చేటు. రక్తం పలచబరిచే మందు వాడుతుంటే ముందు ఆ మాట డాక్టరు చెవిన వేయండి.